పాత డిష్‌తోని సూర్యుణ్ణి పట్టిన

మాది మక్తల్ దిక్కు, మస్కట్‌ల డిష్ ఫిట్టింగ్ పని చేస్త. యేటా మార్చి మొదట్ల, మల్లా అక్టోబర్ మొదట్ల మాకు ఒకటే ఫోన్లు, రోజూ అదే టైంకు కొన్ని నిమిషాలు బొమ్మ పోతుందన్నా, వచ్చి చూడు అని. డిష్ మంచిగనే ఉంటది, కేబుల్ మంచిగనే ఉంటది. ఆ రోజులల్ల సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనకకు వస్తడు, ఆయన నుంచి వచ్చే రేడియో తరంగాలు సిగ్నల్‌ను మింగేస్తయి. మా ఫోర్‌మన్ ఈ ముచ్చట చెప్పినప్పుడు, నేను రోజూ బిగించేది చిన్న రేడియో టెలిస్కోపే అని తెలిసి ఎంత సంబురమైందో.

ఇగ రూం మేడ మీదికి ఒక పాత 60 సెంటీమీటర్ల డిష్ తెచ్చిన. సిగ్నల్ ఎంతుందో ముల్లుతోని, కూతతోని చూపించే చిన్న మీటర్, శాటిలైట్ ఫైండర్, ఎట్లనూ చేతిలనే ఉంటది. ముందుగాల ఖాళీ ఆకాశం దిక్కు తిప్పి ముల్లును కిందికి తెచ్చుకోవాలె, తర్వాత గోడ దిక్కు తిప్పితే ముల్లు లేస్తది, ఎందుకంటే గోడైనా నేలైనా మన ఒళ్లైనా వేడి ఉన్నంత మేరకు రేడియో తరంగాలు వదుల్తనే ఉంటయి. తర్వాత సూర్యుని కంటే జర పడమరకు డిష్ పెట్టి నట్లు బిగించి చెయ్యి తియ్యాలె. డిష్ కదలదు, సూర్యుడే వస్తడు. నిమిషం నిమిషానికి రాసుకుంటుంటే ముల్లు మెల్లగ ఎక్కి, పైన జరసేపు నిలబడి, మల్లా దిగుతది, దాంతోపాటు ఫైండర్ కూత గూడ ఎక్కి దిగుతది.

భూమి ఒక డిగ్రీ తిరగనీకి 4 నిమిషాలు. ముల్లు ఎక్కి దిగనీకి దగ్గర దగ్గర 12 నిమిషాలు పట్టిందంటే నా డిష్ చూసేది 3 డిగ్రీల ఆకాశం, సూర్యుడేమో అర డిగ్రీ. ఇగ సూర్యుని మీద మచ్చలు దీనికి ఏడ కనబడ్తయి? అదే శుక్రవారం రాత్రి దోస్తులతోని ఎడారికి పోయి 8 ఇంచుల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోప్‌ల చూస్తే శని వలయాలు సాఫ్‌గ కనబడ్తయి. డిష్ దానికి మూడింతలు పెద్దది గద, మరి గిట్లెందుకు? డిష్ పట్టే తరంగం పొడుగు రెండున్నర సెంటీమీటర్లు, వెలుగుదేమో మిల్లీమీటర్‌ల రెండువేలో వంతు. తరంగం పొడుగైన కొద్ది డిష్ పెద్దగ కావాలె. పుణె దగ్గర జీఎంఆర్‌టీ అనే పెద్ద రేడియో టెలిస్కోప్‌ల 45 మీటర్ల డిష్‌లు 30, సుమారు 25 కిలోమీటర్ల మేర పరిచి పెట్టింది అందుకే. ముందు కంటితోని చూసే టెలిస్కోపే కొనుక్కోమని అందరంటరు, నేను మాత్రం డిష్‌తోనే షురూ చెయ్యమంట, అది కూసోబెట్టి లెక్క చేయిపిస్తది, మబ్బున్నా పని ఆగదు.

లీవుకు పోయినప్పుడు మా అక్క కొడుకును ముడుమాల్ నిలువురాళ్ల కాడికి తీస్కపోయిన. అక్కడ బండ మీద సప్తర్షులను గుంటలుగ చెక్కిన్రు, 2025ల యునెస్కో తాత్కాలిక లిస్టుల గూడ చేరింది. చీకటి పడ్డంక ధ్రువ నక్షత్రం చూపిస్తే, "మామా, నువ్వుండే కాడ గూడ ఇది ఇంతే ఎత్తుంటదా?" అన్నడు. ఉత్తరానికి పోయిన కొద్ది అది ఎత్తుగ కనబడ్తది, మస్కట్‌ల 23న్నర డిగ్రీలు, మా దగ్గర 16న్నర. అగస్త్య నక్షత్రం దానికి ఉల్టా, మా ఊర్ల ఇంకా జర పైకి ఎక్కుతది, మస్కట్‌ల నేలకు దగ్గరనే తిరుగుతది. చెయ్యి చాపి పిడికిలి పడ్తె దగ్గర దగ్గర 10 డిగ్రీలు, వాడు అక్కడికక్కడే కొలిచి చూసుకున్నడు.

ఊర్ల ఇంటింటికి పాత డిష్‌లు తుప్పు పట్టి పడున్నయి. వానికి ఒక ఫైండర్ పంపిస్తున్న, డిష్ ముందట సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీకి కరెంటు ఇయ్యనీకి పాత సెట్‌టాప్ బాక్స్ సరిపోతది. డిష్‌ను సూర్యుని దిక్కు తిప్పు గని, ఫిల్టర్ లేకుంట కన్నుగాని దుర్బిణిగాని తిప్పకురా అని గట్టిగ చెప్పిన. ముందు గోడ, తర్వాత సూర్యుడు, వచ్చిన నంబర్లు వాట్సాప్‌ల పెట్టమన్న.