కిక్ కొట్టే కాలికి గజ్జనొప్పి

గజ్జలో నొప్పి అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది హెర్నియా. నాకూ మొదటి స్కానింగ్ ఆ అనుమానంతోనే తీశారు. దగ్గినప్పుడు చేతికి ఉబ్బు తగిలితే అటువైపు చూడాల్సిందే. నాకు నొప్పి వచ్చేది వేరేగా: తొడ లోపలి కండరం, అడక్టర్ లాంగస్, పొత్తికడుపు కింద ముందువైపు ఉండే ప్యూబిక్ ఎముకకు అతుక్కునే చోట వేలితో నొక్కితే వచ్చేది, మోకాళ్లు రెండూ గట్టిగా దగ్గరికి అదిమినా వచ్చేది. ఈ రెండూ కలిసి ఉంటే అనుమానం ఆ కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి టెండన్ మీదే.

రగ్బీలో కిక్కులు ఎక్కువగా కొట్టే ఫ్లై హాఫ్‌కి ఇది టాకిల్ వల్లే, అంటే ఎదుటివాడు పట్టి పడగొట్టడం వల్లే, రావాలని లేదు. కిక్ కోసం కాలు వెనక్కి, కాస్త పక్కకి చాచినప్పుడు ఆ కండరం పూర్తిగా సాగి ఉంటుంది. సరిగ్గా అప్పుడే అది బిగుసుకుని కాలిని ముందుకు లాగాలి. దెబ్బ తగిలేది ఆ మలుపులోనే. న్యూజీలాండ్ ఫ్లై హాఫ్ డాన్ కార్టర్‌కి 2011 ప్రపంచకప్ మధ్యలో, అక్టోబర్ 1న వెల్లింగ్టన్‌లో, గోల్ కిక్కుల ప్రాక్టీసులోనే ఈ టెండన్ తెగింది. పక్కన ఎవరూ తాకలేదు. అతని చోట ఆడిన కోలిన్ స్లేడ్ క్వార్టర్ ఫైనల్లో గజ్జ దెబ్బతోనే బయటికొచ్చాడు, ఫైనల్లో ఆరన్ క్రూడెన్ మోకాలు పోయింది. చివరికి నాలుగో మనిషి స్టీఫెన్ డోనాల్డ్ కొట్టిన పెనాల్టీతో న్యూజీలాండ్ 8-7తో ఫ్రాన్స్‌పై గెలిచింది.

నాది తెగలేదు, పాతబడిన నొప్పి. మోసం చేసేది ఈ రకమే. పడుకుంటే పోతుంది, కిక్ మొదలుపెట్టగానే తిరిగొస్తుంది. విశ్రాంతితో మంట తగ్గుతుంది కానీ టెండన్‌కి బలం రాదు. మసాజ్, సాగదీతలాంటి వాటికంటే బలం పెంచే వ్యాయామాలే ఎక్కువ మందిని ఆటకి తిప్పి పంపాయని 1999లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. ఫిజియో నాకు పెట్టింది ఆ పద్ధతే. వెల్లకిలా పడుకుని కాళ్లు చాచి, పాదాల మధ్య ఫుట్‌బాల్ పెట్టి 30 సెకన్లు అదమాలి, 10 సార్లు. తర్వాత మోకాళ్లు వంచి, బంతిని మోకాళ్ల మధ్య పెట్టి మళ్లీ అంతే. రెండు వారాల తర్వాత పక్కకి పడుకుని కాలెత్తడం, పదేసి చొప్పున 5 సెట్లు. ఇంకా ముందుకెళ్లాక కోపెన్‌హేగన్ ప్లాంక్, అంటే పక్కకి తిరిగి మోచేతి మీద ఆని, పై కాలు బెంచీ మీద పెట్టి ఒంటిని ఎత్తి పట్టడం. పై కాలిని బెంచీ మీద ఆన్చేటప్పుడు మొదట్లో మోకాలి దగ్గరే ఆనాలి, చీలమండ దగ్గర ఆనితే బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. నడుము కిందికి జారితే ఆ సెట్ అక్కడితో ఆపాలి.

వేగంగా తేలేది ఏదీ లేదు. రెండు, మూడు నెలల పని.

కిక్ కొట్టే రోజు పొద్దున్నే ఒక పరీక్ష. కాళ్లు రెండూ దగ్గరికి 5 సెకన్లు బలంగా అదిమి నొప్పికి పదికి ఎంతో మార్కు వేసుకోవాలి. 2 లోపు అయితే అనుకున్నన్ని కిక్కులు, 3 నుంచి 5 అయితే సగం, 6 గానీ అంతకు మించి గానీ అయితే ఆ రోజు బంతి ముట్టకూడదు. బీపీ మిషన్ పట్టీని 10 దాకా గాలి నింపి మోకాళ్ల మధ్య అదిమితే అంకె కనిపిస్తుంది. ఎవరి మామూలు అంకె వాళ్లకి తెలిసుండాలి. పక్కవాడి అంకెతో పని లేదు.

కిక్కుల్లో వరుస ముఖ్యం. ముందు 15, 20 మీటర్ల చిన్న పంట్లు, అంటే చేతిలోంచి వదిలిన బంతిని నేల తాకకముందే కొట్టడం, పూర్తి బలం వద్దు. తర్వాత బంతి నేలకి తగిలి లేచేటప్పుడు కొట్టే డ్రాప్ కిక్కులు. బంతిని నిలబెట్టే చిన్న స్టాండు, టీ మీద పెట్టి కొట్టే గోల్ కిక్కులు ఆ తర్వాతే, అదీ గోల్‌పోస్టుల ఎదురుగా దగ్గర నుంచి. మైదానం అంచుల నుంచి ట్రై తర్వాత అదనపు పాయింట్లకి కొట్టే కన్వర్షన్లు, ఆట మళ్లీ మొదలుపెట్టడానికి ఎత్తుగా లేపే రీస్టార్టులు అన్నిటికన్నా చివర, ఎందుకంటే వాటిలో కాలి ఊపు, నడుం తిప్పడం రెండూ ఎక్కువ. మొదట రోజుకి పది, రోజు విడిచి రోజు. మర్నాడు పొద్దున నొప్పి పెరగకపోతేనే సంఖ్య పెంచాలి. తడి నేలైతే నిలబడే కాలు జారి, కిక్ కొట్టే కాలి గజ్జ సాగిపోతుంది. అలాంటి రోజుల్లో పొడవైన స్టడ్లున్న బూట్లు వేసుకోవాలి, లేకపోతే కిక్కింగ్ మానేయాలి.

రెండో కాలితో కొట్టినవీ లెక్కలో రాయాలి, నిలబడే కాలి గజ్జ మీదా భారం పడుతుంది. అయినా రెండో కాలు వృథా కాదు. ఇంగ్లండ్ ఎడమకాలి ఆటగాడు జానీ విల్కిన్సన్ 2003 ప్రపంచకప్ ఫైనల్ గెలిపించిన డ్రాప్ గోల్ కొట్టింది కుడికాలితో. కార్టర్ కూడా ఎడమకాలి వాడే, 2015 ప్రపంచకప్ ఫైనల్లో ఆఖరి కన్వర్షన్ కుడికాలితోనే కొట్టాడు. ఇప్పుడు సీజన్లోనూ కోపెన్‌హేగన్ ప్లాంక్ వారానికి రెండుసార్లు సాగుతోంది, మ్యాచ్ ముందు రోజు మాత్రం చేయను.