సూది పేరెత్తకుండా పిల్లల పంటి వైద్యం

ప్రొద్దుటూరు, పులివెందుల నుంచి కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీకి పిల్లోళ్లను తెచ్చేవాళ్లు పొద్దున బస్సే ఎక్కండి. మధ్యాహ్నానికి నిద్ర, ఆకలి కలిసి చిన్న చప్పుడుకే ఏడుపు మొదలవుతుంది. "నొప్పే ఉండదు" అనొద్దు, బిడ్డకు వినపడేది నొప్పి ఒక్కటే. "అల్లరి చేస్తే సూది ఏపిస్తా" అని ఇంట్లో బెదిరించి ఉంటే సగం పని అక్కడే చెడినట్టు.

డాక్టరు ముందు చెప్పి, గాలిగొట్టాన్ని బిడ్డ అరచేతి మీద ఊది చూపించి, తర్వాతే నోట్లో పెట్టాలి. చిగురు తుడిచి ఆరబెట్టి తిమ్మిరి జెల్ రాశాక 1-2 నిమిషాలు ఆగాలి. తడి మీద రాస్తే ఉమ్మితో కొట్టుకుపోయి సూది చురుక్కుమంటుంది. ఎడమ చెయ్యెత్తితే ఆపుతామన్నాక నిజంగా ఆపాలి. ఒక్కసారి తప్పితే ఇక నమ్మరు.

కింది దవడకు సూది వేస్తే పెదవి 2-3 గంటలు మొద్దుబారే ఉంటుంది. తెలియక కొరుక్కుని పుండు చేసుకుంటారు. అప్పటిదాకా ఉగ్గాని, బొరుగులు వద్దు.