ట్రావెల్స్ ఆఫీసు ఫోన్లను రూటర్ మీదికి మార్చిన అనుభవం

మా చిన్నాన్నకు బెంగళూరు మడివాళలో చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. చిత్తూరు, కడప, నెల్లూరు బస్సులకు టికెట్లు బుక్ చేస్తారు. యాప్‌లు ఎన్ని వచ్చినా మా వైపు పెద్దవాళ్లు ఫోన్ చేసి "కింద బెర్త్ ఉందా నాయనా" అని అడిగితేగానీ బయల్దేరరు. సాయంత్రమైతే అయిదు టేబుళ్ల మీదా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. రాగి తీగ ల్యాండ్‌లైన్లు మాటిమాటికీ మూగబోతుంటే, వాటిని ఫైబర్ మీదికి మార్చే పని నా నెత్తిన పడింది.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో రూటర్ కోసం ఏ షాపుకి వెళ్లినా వైఫై స్పీడ్ గురించి, యాంటెన్నాల గురించే చెబుతారు. ఫోన్‌కి ఆ అంకెతో పెద్దగా పని లేదు. మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు; జి.711 అనే కోడెక్‌లో మాటకు పట్టేది 64 కేబీపీఎస్. దాన్ని 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ (చిన్న డేటా ముక్క) చొప్పున పంపితే, ప్యాకెట్ మీద అడ్రసు వివరాలుండే హెడర్లతో కలిపి ఒక్కో వైపు దాదాపు 87 అవుతుంది. అయిదుగురూ ఒకేసారి మాట్లాడినా అర ఎంబీపీఎస్ దాటదు.

అసలు చూడాల్సింది రూటర్ వెనకవైపు. ఫోన్ వైరు పెట్టే పోర్టుల్లో ఎఫ్ఎక్స్ఎస్, ఎఫ్ఎక్స్ఓ అని రెండు రకాలు. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. ఎఫ్ఎక్స్ఎస్‌కి మామూలు ఫోన్ తగిలిస్తే డయల్ టోన్, రింగు అదే ఇస్తుంది. ఎఫ్ఎక్స్ఓ బయటి ల్యాండ్‌లైన్‌ను లోపలికి తెచ్చుకోవడానికి. ఇంటర్నెట్ కంపెనీ ఉచితంగా ఇచ్చే పెట్టెలోనూ ఫోన్ పోర్టు ఉంటుంది కదా అనుకోవచ్చు. చాలావరకు దాన్ని వాళ్ల సొంత నంబరుకే లాక్ చేసి ఉంచుతారు, మన సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) అకౌంట్ పెట్టనివ్వరు. అందుకని రెండు ఎఫ్ఎక్స్ఎస్ పోర్టులున్న రూటర్ కొని పాత ఫోన్లు రెండు వాటికి తగిలించాం. మిగతా మూడు టేబుళ్లకు నేరుగా నెట్ వైరుకే తగిలించే ఐపీ ఫోన్లు, వాటికి కరెంటు కూడా నెట్ వైరులోనే ఇచ్చే పీఓఈ స్విచ్. లైసెన్సున్న టెలికాం కంపెనీ నుంచి సిప్ ట్రంక్, అంటే ఇంటర్నెట్ మీద వచ్చే ఫోన్ లైను, తీసుకున్నాం.

ఫోన్లు మోగాయి. మా మాట అటువాళ్లకు వినిపిస్తోంది, వాళ్ల మాట మాకు చేరడం లేదు. "ఏరా, వాళ్లేమంటున్నారో ఒక్క ముక్కా వినిపించడం లేదే!" అని చిన్నాన్న.

కాల్ మొదలయ్యేటప్పుడు ఫోన్ "నా ఆడియో ఫలానా అడ్రసుకి పంపండి" అని చెబుతుంది. 192.168తో మొదలయ్యే, ఆఫీసు లోపల మాత్రమే చెల్లే అడ్రసు చెబితే బయటివాళ్లకు అది పనికిరాదు. దాన్ని సరిదిద్దడానికే రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనేది పెట్టారు. చాలా రూటర్లలో అది మేలు కంటే చెరుపే ఎక్కువ చేస్తుంది: టెలికాం కంపెనీ సర్వర్ తనంతట తాను సర్దుకోగలిగినదాన్ని మధ్యలో వేలుపెట్టి సగం మార్చి వదిలేస్తుంది. మా దాంట్లో ఫైర్‌వాల్ మెనూ అడుగున దాక్కుని ఉంది. అది ఆఫ్ చేసి, ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో (అడ్రసులు మార్చకుండా నెట్‌ను నేరుగా మా రూటర్‌కి వదిలేలా) పెట్టించాక మాట రెండు వైపులా నడిచింది. కాసేపు ఖాళీగా ఉంటే ఇన్‌కమింగ్ రింగు రాకపోవడం ఇంకో తంటా. వాడకం లేని దారిని రూటర్ మూసేయడం వల్ల వచ్చేది అది. దారి తెరిచి ఉంచడానికి ఫోన్ పంపే కీప్‌అలైవ్ సందేశాల వ్యవధిని 20 సెకన్లకు తగ్గిస్తే పోయింది.

రద్దీ వేళల్లో మాట ముక్కలవడం మాత్రం తేలిగ్గా తెగలేదు. సర్వీసువాళ్లేమో పెద్ద ప్లాన్ తీసుకోమన్నారు. ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో చూపే పింగ్ పెట్టి చూస్తే, సీసీ కెమెరాల ఫుటేజీ క్లౌడ్‌కి ఎక్కుతున్నప్పుడల్లా ఆలస్యం వందల మిల్లీసెకన్లకు పోతోంది. మాట ఒక వైపు 150 మిల్లీసెకన్ల లోపు చేరాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జి.114 సిఫారసు. మరీ ఆలస్యమైన ప్యాకెట్, బస్సు కదిలాక పరిగెత్తుకొచ్చిన ప్యాసింజర్ లాంటిది. వచ్చినా సీటు లేదు, ఫోన్ దాన్ని పారేస్తుంది.

రూటర్‌లో క్యూఓఎస్ (ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో తేల్చే ఏర్పాటు) ఆన్ చేసి, ఫోన్ మాటకు వేసే డీఎస్‌సీపీ 46 అనే గుర్తున్న ప్యాకెట్లకు మొదటి వరస ఇచ్చాను. అదొక్కటే చాలదు. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వస్తుంటే రూటర్‌కి 18 అనే చెప్పాలి. అప్పుడే క్యూ మన రూటర్‌లో కడుతుంది, ఎవరు ముందో మన చేతిలో ఉంటుంది. లేకపోతే క్యూ కంపెనీ పెట్టెలో కడుతుంది, దానికి మాటా ఒకటే, కెమెరా వీడియో కూడా ఒకటే.

"స్పీడ్ తగ్గిస్తే మాట బాగుపడటమేంట్రా?" అన్నాడు చిన్నాన్న. ఆ సాయంత్రం టికెట్లు గలగలా బుక్ అయ్యాక మళ్లీ అడగలేదు.

పాస్‌వర్డుల సంగతి కూడా. బయట నుంచి ఎవరైనా సిప్ లాగిన్ పట్టేస్తే రాత్రికి రాత్రే విదేశాలకు కాల్స్ చేసి బిల్లు మన మీద పడేస్తారు. డీఫాల్ట్ పాస్‌వర్డులు తీసేసి, ట్రంక్ మీద ఇంటర్నేషనల్ కాల్స్ బ్లాక్ చేయించాం. సిప్ వాడే 5060 పోర్టును బయటికి తెరవలేదు.

కరెంటు పోయినా పాత ల్యాండ్‌లైన్ మోగేది, ఎక్స్ఛేంజి నుంచే తీగలో కరెంటు వచ్చేది కాబట్టి. ఫైబర్‌కి ఆ సౌకర్యం లేదు. పెట్టె, రూటర్, స్విచ్ మూడింటినీ యూపీఎస్‌కి కలిపాను. విజిటింగ్ కార్డుల మీద ఉన్న ఒక రాగి లైను నంబరును మాత్రం చిన్నాన్న వదలనంటున్నాడు. దాని కోసం ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే చూస్తున్నాం.