లంకమలకు ఒక విదేశీ పరిశోధకురాలిని రప్పించాం: నా అనుభవం

నేను కడపలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. జర్మనీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి మన లంకమల అడవిలో కలివికోడి మీద పనిచేస్తానని రాసింది. ఇక్కడి వైపు కాగితాల పని అంతా నేను నెత్తిన వేసుకున్నాను. వీసా దగ్గర నుంచి అడవిలో అడుగు పెట్టేదాకా ఎవరు ఏం అడిగారో, ఎక్కడ ఆగిందో రాసిపెడితే తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది. ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అనుమతి వచ్చింది, కాదనను. కానీ అది వచ్చేలోపు మా జిల్లా ఏం పోగొట్టుకుందో దగ్గరుండి చూశాను.

కలివికోడి సంగతి కడపవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఈ పక్షి 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఇక్కడి ఊరివాళ్ల సాయంతో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనిపెట్టారు. దాన్ని కాపాడటానికే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా కొంతమేర మార్చారు. పగలంతా పొదల కింద కదలకుండా ఉంటుంది. పొద్దుగూకిన ముప్పావు గంటకు కూత మొదలుపెడితే కొన్ని నిమిషాలు, మహా అయితే 20 నిమిషాలు. అంతటితో ఆ రాత్రికి సరి. ఇలాంటి పక్షిని ఎట్లా లెక్కపెట్టాలి? 2000 తర్వాతి తొలి ఏళ్లలో సొసైటీ పరిశోధకులు, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి దానికి దారులు వెతికారు. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి పాదముద్రలు చూశారు. వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. కూతను రికార్డు చేసి, దాన్నే వినిపించి బదులు వస్తుందేమో చూశారు. ఈ పక్షి గురించి ఈరోజు ప్రపంచానికి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ ఉమ్మడి పనిలోంచి వచ్చిందే.

ఈ అమ్మాయి చేయాలనుకున్నది దాని తర్వాతి మెట్టు. ఏమీ పట్టుకోదు, రాలిన ఈక కూడా తీసుకోదు. అరచేతిలో పట్టే రికార్డర్లను చెట్లకు కట్టి, సాయంత్రం నుంచి తెల్లారేదాకా అడవి శబ్దాన్ని పట్టుకోవడం, అన్ని గంటల శబ్దంలోంచి ఆ ఒక్క కూతను కంప్యూటర్‌తో వెతికించడం. ఆ వెతికే ప్రోగ్రాం రాయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. మా కాలేజీలో చదివి ఇప్పుడు ఎమ్మెస్సీ చేస్తున్న ఇద్దరు పిల్లలను వెంట పెట్టుకుని పని నేర్పిస్తానని మొదటి ఉత్తరంలోనే రాసింది. ఆ ఒక్క వాక్యం కోసమే నేను ఇంత తిరిగాను.

వీసా మాట త్వరగా చెప్పేస్తాను. టూరిస్ట్ వీసా మీద వచ్చి పరిశోధన చేయకూడదు. రీసెర్చ్ వీసాయే కావాలి. దానికి ఇక్కడి సంస్థ నుంచి ఆహ్వానం, ఏం చేస్తారో వివరంగా ఒక పత్రం, ఏయే ఊళ్లలో తిరుగుతారు, ఎక్కడ ఉంటారు, డబ్బు ఎవరిస్తారు, ఇవన్నీ ఉండాలి. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. ఇంగ్లీషులో కడప స్పెల్లింగ్ పాత మ్యాపుల్లో ఒకలా, ఇప్పటి రికార్డుల్లో ఇంకోలా ఉంటుంది. జిల్లా పేరు కూడా మారుతూ వచ్చింది. అన్ని ఉత్తరాల్లోనూ ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్ రాయండి.

అటవీ శాఖ అనుమతి వేరే. అభయారణ్యంలో పరిశోధనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ ఇవ్వాలి. ఫైలు పైకి పోతుంది, అభిప్రాయం కోసం డీఎఫ్‌వో (డివిజన్ అటవీ అధికారి) దగ్గరికి, అక్కడి నుంచి రేంజర్ దగ్గరికి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. కింది స్థాయి సిబ్బంది మాతో మర్యాదగానే ఉన్నారు. వాళ్ల ఇబ్బంది కూడా అర్థం చేసుకోవాలి. ఇది ఎర్రచందనం అడవుల జిల్లా. చీకట్లో అడవిలో తిరిగే కొత్త మనిషిని ఆపడమే వాళ్ల ఉద్యోగం. అలాంటి చోట మేము సరిగ్గా చీకటి పడ్డాకే పని ఉందని అడుగుతున్నాం. బీట్ ఆఫీసర్ ఒకరు సూటిగానే అన్నారు: "సార్, మేడమ్‌తో మా వాచర్ ఒకరు ఖచ్చితంగా ఉండాల. ఆ షరతు మీరే రాసిచ్చేయండి, ఫైలు తొందరగా కదులుతాది." రాసిచ్చాం. నిజంగానే కదిలింది.

అసలు ముడి పడింది జీవవైవిధ్య చట్టం దగ్గర. 2002 చట్టం సెక్షన్ 3 ప్రకారం విదేశీయులు ఇక్కడి జీవ వనరులనుగానీ, వాటికి సంబంధించిన జ్ఞానాన్నిగానీ పరిశోధన కోసం వాడుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి ఉండాలి. పరిశోధన ఫలితాలను విదేశీయులకు అప్పగించడం గురించి సెక్షన్ 4 చెబుతుంది. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం రెండు సంస్థల మధ్య జరిగే ఉమ్మడి పరిశోధనకు సెక్షన్ 5 మినహాయింపు ఇస్తుంది. చదివితే స్పష్టంగానే ఉంది. మరి మా కేసులో? పక్షిని ముట్టుకోవడం లేదు. దాని కూత జీవ వనరు అవుతుందా? రికార్డు చేసిన ఫైలు జర్మనీలో కంప్యూటర్‌లోకి ఎక్కితే అది ఫలితాలను అప్పగించినట్టా?

ఒక ఆఫీసులో సీట్లో ఉన్నాయన మా పత్రం మొత్తం ఓపిగ్గా చదివారు. రికార్డర్ ఒకటి చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశారు, మైకు రంధ్రం మీద వేలు పెట్టి చూశారు. "దీనికి మా అనుమతి అక్కర్లేదు సార్" అన్నారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాను. పెన్ను తీశారు, కాసేపు ఆలోచించారు, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "అక్కర్లేదని రాసే ఫార్మాట్ మా దగ్గర లేదు" అన్నారు. ఇంకో ఆఫీసులో ఆ కాగితం లేకుండా ఫైలు ముందుకు పోదన్నారు. మా నెలలన్నీ ఈ రెండు టేబుళ్ల మధ్యే పోయాయి. కాదన్నవాళ్లు ఎవరూ లేరు. అవునని సంతకం పెట్టడానికి ధైర్యం చేసినవాళ్లూ లేరు.

చట్టం ఊరికే రాలేదు, అదీ చెప్పాలి. గాయాన్ని మాన్పే గుణానికి పసుపు మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన కేంద్ర పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పోరాడితే 1997లో రద్దయింది. వేప మీద ఐరోపాలో ఇచ్చిన పేటెంట్ 2000లో రద్దయి, అప్పీలు కూడా తేలేసరికి 2005 అయింది. మన అమ్మమ్మల వంటింటి తెలివిని ఇంకెవరో సొంతం చేసుకోబోయారు. కాపలా ఉండాల్సిందే. నా పిల్లలకు పాఠంలో ఇది గట్టిగానే చెబుతాను. కానీ దోచుకుపోయేవాడినీ, చూసి నేర్చుకుని మనకు నేర్పిపోయేవాడినీ ఒకే గాటన కట్టేస్తే నష్టం ఎవరికి?

2008లో డార్జిలింగ్ దగ్గర సింగలీలా నేషనల్ పార్కులో అనుమతి లేకుండా కీటకాలు సేకరించారని ఇద్దరు చెక్ దేశస్థులను అరెస్టు చేశారు. ఒకరికి జరిమానా, ఇంకొకరికి జైలు శిక్ష పడ్డాయి. అనుమతి లేకుండా సేకరించడం తప్పే. అయితే ఆ కేసు తర్వాత ఇండియాలో ఫీల్డ్ వర్క్ అంటే బయటివాళ్లకు ఎంత బెరుకు పుట్టిందో ఈ అమ్మాయి మాటల్లో నాకు తెలిసింది. ఆమె యూనివర్సిటీవాళ్లు మొదట అడిగింది పక్షి గురించి కాదు, అరెస్టు భయం ఉందా అని. 2018లో ‘సైన్స్’ పత్రికలో మన దేశపు శాస్త్రవేత్తలు ముందుండి ఒక వ్యాసం రాశారు. 35 దేశాల నుంచి 172 మంది దానితో గొంతు కలిపారు. జీవవైవిధ్యాన్ని కాపాడటానికని పెట్టిన నిబంధనలే దాన్ని చదివే పనికి అడ్డం పడుతున్నాయని వాళ్ల బాధ. అది రాసింది బయటివాళ్లే అయితే కొట్టిపారేయవచ్చు. ముందు నిలబడి రాసింది మనవాళ్లు.

మా విషయంలో జరిగింది ఇది. వానలు ఆగిన డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పనిచేయాలని ప్లాన్. ఆ సీజన్ కాగితాల్లోనే గడిచిపోయింది. ఆమె స్కాలర్‌షిప్‌కు గడువు ఉంది, అది ఎవరి కోసమూ ఆగదు. కలివికోడి దగ్గరి చుట్టాలు ఆఫ్రికాలో ఉన్నాయి. అక్కడ ఒక దేశం అనుమతి ఇచ్చింది. రికార్డర్లు అక్కడికి వెళ్లాయి. ప్రోగ్రాం అక్కడి పక్షి కూత మీద తయారైంది, అక్కడి విద్యార్థులు దాన్ని నేర్చుకున్నారు. పరిశోధనా పత్రంలో పేర్లు వాళ్లవి. కడప పేరు ఉపోద్ఘాతంలో ఒక వాక్యంలో ఉంది. మా పిల్లల్లో ఒకడు ఆ వాక్యం చూపించి, "సార్, మనం ఉండాల్సిన చోటు కదా ఇది" అన్నాడు. వాడికి ఏం చెప్పాలో తోచలేదు.

దేశానికి శాస్త్రంలో పేరు ఎలా వస్తుంది, ఎలా పోతుంది అని పెద్ద పెద్ద సదస్సుల్లో మాట్లాడతారు. నేను చూసింది ఇంతే: పని ఎక్కడ జరగనిస్తే పేరు అక్కడికి పోతుంది.

ఆ తర్వాత అనుమతి వచ్చింది. ఆమె కొద్ది రోజులకే రాగలిగింది. వచ్చిన రోజే లాడ్జి ఓనర్‌తో కూర్చుని ఫారం సి ఆన్‌లైన్‌లో నింపించాను. విదేశీయులు దిగిన 24 గంటల్లో ఆ వివరాలు పంపాలి. బద్వేలు రోడ్డు మీది చిన్న లాడ్జిలకు ఇది అలవాటు లేక గది లేదనేస్తారు. ముందే మాట్లాడి పెట్టుకోండి.

అడవిలో మొదటి సాయంత్రం మా పిల్లలు కలివి పొదల మధ్య ఒక తుమ్మ చెట్టుకు రికార్డర్ కట్టారు. పట్టీ బిగిస్తే బెరడు రాలుతోందని ఆమె వాళ్ల చేత విప్పించి, కింద గుడ్డ మడత పెట్టించి మళ్లీ కట్టించింది. గాలి వచ్చే వైపు మైకు పెడితే రాత్రంతా గాలి హోరే వస్తుందని చెట్టుకు ఇటు వైపు తిప్పించింది. వాచర్ పెద్దాయన దూరం నుంచి చూసి, "ఇది కెమెరానా అమ్మా?" అని అడిగాడు. ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టి పాత రికార్డింగ్‌లోని కలివికోడి కూత వినిపించింది. ఆయన రెండోసారి కూడా పెట్టమన్నాడు. "చిన్నప్పుడు మేకల ఎంబడి పోయినప్పుడు ఇన్నాను దీన్ని, ఈ గుట్ట అవతల" అన్నాడు. అది ఏ గుట్టో, అక్కడ అప్పుడు పొదలు ఎలా ఉండేవో ఆమె గంటసేపు అడిగి రాసుకుంది. ఆ రాత్రుల్లో మాకు తీతువులు, నైట్‌జార్‌లు వినబడ్డాయి, కలివికోడి వినబడలేదు. అంత తక్కువ రోజుల్లో వినబడకపోవడం నుంచి ఏమీ తేల్చలేం. ఒక సీజన్ మొత్తం ఉండి ఉంటే తేల్చగలిగేవాళ్లం.

శాస్త్రం దేశాల గట్లు దాటి ఎలా తిరుగుతుందో ఈ పక్షే చెబుతుంది. దాని గుడ్డు ఒకటి స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో బయటపడింది. కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో సేకరించినదట. డీఎన్ఏ పరీక్షతో అది కలివికోడిదేనని 2013లో తేల్చారు. మన పక్షి గుడ్డు చూడాలంటే మనవాళ్లు అక్కడికి పోవాలి. వాళ్లూ మమ్మల్ని రానివ్వాలి కదా?

తలుపు వేయడం మన ఒక్కరి పనే కాదు. 2025 మేలో అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూలు కొంతకాలం ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించింది. నా దగ్గర చదివిన పిల్లల ఇళ్లలో ఆ టెన్షన్ నేను చూశాను. కానీ ఆ దేశం అంత ఎత్తుకు పోయిందే వచ్చినవాళ్ల వల్ల. 1923లో వాళ్ల సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి పనికిరారని తీర్పిచ్చింది. అయినా చదువుకునేవాళ్లకు దారి ఉండబట్టి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో నిలబడగలిగారు. శరీరం శక్తిని దాచుకునే ఏటీపీ మీద పని, ఫోలిక్ ఆమ్లం, పిల్లల రక్త క్యాన్సర్‌కు తొలి మందుల్లో ఒకటి, ఇవన్నీ ఆ దేశపు ల్యాబుల ఖాతాలో పడ్డాయి. దీనికి తిరగబడ్డ కథ చైనాలో పుట్టిన రాకెట్ శాస్త్రవేత్త చియాన్ షుయెసెన్‌ది. కాలిఫోర్నియాలో జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. 1950లో అనుమానంతో భద్రతా అనుమతి లాగేసుకున్నారు, ఏళ్ల తరబడి కదలనివ్వలేదు. 1955లో చైనా వెళ్లి ఆ దేశపు రాకెట్ కార్యక్రమాన్ని నిలబెట్టారు.

మన దగ్గర ఇలాంటివి సరిచేసుకోగలమని కూడా నమ్ముతాను. 2021 జనవరిలో కొన్ని రకాల అంతర్జాతీయ ఆన్‌లైన్ సదస్సులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. మన సైన్స్ అకాడమీలు గట్టిగా రాశాయి, ఫిబ్రవరిలో ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. ఇక్కడా అడగాల్సింది పెద్దదేం కాదు. నమూనా తీసుకుపోయే పనికీ, చూసి విని రాసుకునే పనికీ వేర్వేరు దారులు పెట్టాలి. "అనుమతి అక్కర్లేదు" అని రాసిచ్చే ఫార్మాట్ ఒకటి ఉండాలి. డేటా కాపీ ఇక్కడి కాలేజీలో ఉంచాలని, ఇక్కడి విద్యార్థులకు పని నేర్పాలని షరతు పెట్టాలి. ఆ షరతులకు ఆమె అడక్కముందే ఒప్పుకుంది.

మీరెవరైనా ఈ పని మొదలుపెడుతుంటే ముందు రెండు సంస్థల మధ్య ఒప్పందం రాయించుకోండి. సెక్షన్ 5 మినహాయింపు అడగడానికి అదే ఆధారం. అడవి పర్మిట్‌కు, జీవవైవిధ్య అనుమతికి ఒకేసారి పెట్టండి, ఒకటి వచ్చాక ఇంకొకటి అని ఆగవద్దు. ఆ జర్మనీ అమ్మాయి రికార్డర్లు మా దగ్గరే వదిలి వెళ్లింది, ప్రోగ్రాం కూడా ఇచ్చింది. ఆమె ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఇంకో పరిశోధకుడు వస్తానంటే ఈసారి జూన్‌లోనే దరఖాస్తు పెట్టాం. దాంట్లో మా పిల్లలిద్దరి పేర్లూ పరిశోధకుల జాబితాలో ఉన్నాయి. ఫైలు ప్రస్తుతం అభిప్రాయం కోసం రేంజర్ దగ్గరికి వచ్చింది.