ఆ కింది ఐదు సెంటీమీటర్లు

ఎంటెక్ ప్రాజెక్టుకు నేను తీసుకున్నది, పాడైన భూగర్భ జలాన్ని భూమిలోనే బాగుచేసే ఇనుప గోడ. నీరు పారే దారికి అడ్డంగా కందకం తవ్వి ఇనుప రజను నింపుతారు. పంపు అక్కర్లేదు, నీరు తనంతట తానే దాటిపోతూ ఇనుముతో చర్య జరిపి శుభ్రపడుతుంది. కెనడాలోని బోర్డెన్‌లో 1991లో పెట్టిన ప్రయోగాత్మక గోడ గురించి చదివాక, మా అనంతపురం బోరు నీటికి ఇది ఎన్నాళ్లు పనిచేస్తుందో చూడాలనిపించింది.

గోడకు నమూనాగా అర మీటరు అక్రిలిక్ గొట్టం, లేత్ షాపులో అడిగి తెచ్చుకున్న రజను, పెన్నా ఇసుక. రజనుకు పట్టిన ఆయిల్ వదిలించడానికే రెండు రోజులు పట్టింది. నైట్రేట్ ఎక్కువున్న ఒక పొలం బోరు నీటిని కింది నుంచి పైకి ఎక్కించాను. మొదటి నెల నైట్రేట్ బాగా తగ్గింది. ఏడో వారానికి రోజుకు రెండు లీటర్లు వచ్చే నీరు అర లీటరుకు పడిపోయింది. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

మట్టి చేరిందనుకుని పైనుంచి నీళ్లు కొట్టాను. రెండు రోజులు నడిచి మళ్లీ మొరాయించింది. మూడోసారి కొడుతుంటే సార్ ఆపారు. "భూమిలో ఉన్న గోడకు ఇట్ల కొట్టగలవామ్మా? విప్పి చూడు."

విప్పగానే కుళ్లిన గుడ్ల వాసన. కింది ఐదు సెంటీమీటర్లలో రజనుకు నల్లటి పాకుడు. ఇనుము నీటిలో తుప్పు పడుతూ హైడ్రోజన్ వదులుతుంది, కొన్ని బ్యాక్టీరియాకు అదే తిండి. అవి నీటిలోని సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తాయి. అది ఇనుముతో కలిస్తే వచ్చేదే ఆ నలుపు. నైట్రేట్‌ను వాడుకునే బ్యాక్టీరియా వదిలే నైట్రోజన్ బుడగలు కూడా సందుల్లో ఇరుక్కుంటాయి.

తప్పంతా బ్యాక్టీరియాదేనని రాసేయబోయాను. కానీ పాకుడు కడిగినా గడ్డకట్టిన రజను విడిపోలేదు. దాని మీది తెల్లటి పొర గీకి, అయస్కాంతంతో ఇనుము ఏరేసి (ఇనుము ఉంటే అదీ పొంగుతుంది, మొదట నేను అక్కడే పొరబడ్డాను) యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది. కార్బొనేట్! ఇనుము తుప్పు పట్టేకొద్దీ నీటి పీహెచ్ (క్షార గుణం) పెరుగుతుంది, దాంతో నీటిలో కరిగున్న కార్బొనేట్ పొరలా పేరుకుంటుంది. మా ఇంట్లో బిందెలకు పట్టే సున్నమే ఇక్కడ రజనును సిమెంటులా అతికించింది. నా గొట్టంలో పాకుడుకన్నా ఇదే పెద్ద అడ్డు.

రెండో గొట్టంలో నీరు ప్రవేశించే చోట గులకరాళ్లు పోసి, కొంచెం రజను మాత్రమే కలిపాను. పద్నాలుగు వారాలు నడిచింది. విప్పితే రాళ్ల మీద నలుపూ తెలుపూ రెండూ ఉన్నాయి, సందులు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.