కాలికి గాయమైతే గొంతుకు రంధ్రం ఎందుకు? మా అన్న ధనుర్వాతం: నా అనుభవం

నిన్న అన్నను ఇంటికి పంపించారు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, అన్నం మాత్రం తన చేత్తో తానే తింటున్నాడు. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

చిత్తూరు దగ్గర మా మామిడి తోటలో అన్న పాదంలో తుప్పు మేకు దిగింది. పసుపు అద్ది పనిలో పడ్డాడు. వారం దాటాక నోరు తెరుచుకోవడం మానేసింది. పళ్ళ డాక్టరు జ్ఞానదంతమని మాత్రలిచ్చి పంపాడు. దవడ బిగుసుకున్న మనిషిని, ఈమధ్య ఎక్కడైనా దెబ్బ తగిలిందా అని ఒక్క మాట అడగలేదు. ఆయన్ని నేను క్షమించలేను. మెడ, వీపు కూడా బిగుసుకోవడంతో తిరుపతిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చూడగానే ధనుర్వాతమన్నారు. గాయంలోని క్రిములు వదిలే విషానికి విరుగుడుగా ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చారు, క్రిములను చంపడానికి మెట్రోనిడజోల్, కండరాల బిగుతు తగ్గడానికి డయాజిపామ్ మొదలుపెట్టారు.

అక్కడి వరకు బాగానే ఉంది. ఆ తర్వాత డ్యూటీ డాక్టరు ఒక కాగితం చాపి, గొంతుకు రంధ్రం చేయాలి, సంతకం పెట్టమన్నాడు. అన్నకు తెలివి పూర్తిగా ఉంది. పళ్ళ సందుల్లోంచి మాట్లాడుతున్నాడు, ఊపిరీ ఆడుతోంది. గాయం కాలికైతే గొంతు కోయడమెందుకు, ముందు కాలు శుభ్రం చేయరా అని అడిగాను. "చదువుకున్నవాడిలా ఉన్నావు, ఈ మాత్రం తెలియదా? ఇష్టం లేకపోతే తీసుకెళ్ళిపో" అని వరండాలో అందరి ముందూ అరిచాడు. వదిన గోడకు చేరగిలబడి ఏడుస్తోంది. మెడ కోస్తే మనిషి దక్కడని బాబాయి అంటున్నాడు. సంతకం అడిగేవాడు కారణం చెప్పి తీరాలి. అది దయ కాదు, బాధ్యత.

కారణం చెప్పింది మత్తు డాక్టరమ్మ. ఆవిడ మాట్లాడుతుండగానే లోపల ఎవరో స్టీలు ట్రే జారవిడిచారు. ఆ చప్పుడుకే అన్న వీపు విల్లులా లేచింది, పెదవులు నీలమయ్యాయి. "స్వరపేటిక కండరాలు ఇలాగే బిగిస్తే గాలి లోపలికి పోదు బాబూ. అప్పుడు నోరు తెరవలేం, గొట్టం తగిలితే ఇంకా బిగుస్తుంది. అర్ధరాత్రి పరిగెత్తేకంటే ఇప్పుడే మత్తిచ్చి నెమ్మదిగా చేద్దాం" అన్నారు. నరాల్లోకి చేరిపోయిన విషాన్ని విరుగుడు తీయలేదట. నరాల కొసలు కొత్తగా మొలవాలి, దానికి వారాలు పడుతుంది. అన్నాళ్ళూ వెంటిలేటర్ కావాలంటే నోటి గొట్టం కంటే మెడ గొట్టమే మేలు. గొంతును తక్కువగా రేపుతుంది, కఫం తీయడమూ తేలిక. ఇక కాలి సంగతి: గాయాన్ని కెలికితే విషం మరికొంత రక్తంలోకి రావచ్చు కాబట్టి, విరుగుడు ఇచ్చి కొన్ని గంటలు ఆగాక, శ్వాస భద్రమయ్యాక కోసి శుభ్రం చేస్తారు. వెంటనే సంతకం పెట్టాను.

రెండో వారంలో రక్తపోటు, గుండె వేగం అదుపు తప్పాయి. మెగ్నీషియం ఎక్కించి నిలబెట్టారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే, మంచం చుట్టూ చేరే బంధువులను మొహమాటం లేకుండా బయటికి పంపండి. ఫోను మోతకు కూడా ఒళ్ళు బిగుస్తుంది. డిశ్చార్జి చీటీలో టీకా ఊసే లేదు. ఈ జబ్బు ఒకసారి వచ్చి తగ్గినా శరీరానికి రక్షణ రాదు, టీకాలు వేయించాల్సిందే. నేను పట్టుబట్టి తేదీలు రాయించాను. పదేళ్ళకోసారి బూస్టర్ అవసరం కాబట్టి, తోటలో పనిచేసే అందరికీ వచ్చే వారమే వేయిస్తున్నాను.