అమ్మానాన్నలతో అలాస్కా క్రూజ్: గైడ్‌బుక్‌ని ఎంతవరకు నమ్మాలి

గైడ్‌బుక్ కొనగానే ముందు కాపీరైట్ పేజీలో సంవత్సరం చూడండి. కొండలు, దూరాలు మారవు కానీ రేట్లు, టైమింగ్‌లు, చివరికి ఓడ ఆగే చోటు కూడా మారిపోతాయి. అలాస్కాలో ఓడలు ఆగే కెచికాన్ ఊరినే తీసుకోండి. పాత పుస్తకాల్లో ఓడ దిగితే ఊరి మధ్యలో ఉంటాం. 2021 నుంచి కొన్ని ఓడలు ఊరికి ఏడు మైళ్ల అవతల వార్డ్ కోవ్‌లో ఆగుతున్నాయి. అక్కణ్ణుంచి షటిల్ బస్సే గతి. రానూపోనూ గంట తీసేసి ప్లాన్ వేసుకోవాలి.

పుస్తకంలో అసలు పనికొచ్చేది రూట్ మ్యాపు. సియాటెల్ నుంచి బయల్దేరే ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమటి వైపు, సముద్రం మీదుగా వెళ్తాయి, ఊపు ఉంటుంది. కెనడాలోని వాంకూవర్ నగరంలో ఎక్కితే దీవికీ తీరానికీ మధ్య నుంచి వెళ్తారు, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. బస్సెక్కితేనే వాంతులయ్యే పెద్దవాళ్లుంటే వాంకూవరే మేలు. గది ఓడ మధ్యలో, కింది డెక్‌లో (అంతస్తులో) తీసుకోండి. డెక్ ప్లాన్‌లో ఆ గదికి పైనా కిందా గదులే ఉండాలి. పైన బఫే ఉంటే తెల్లారకముందే కుర్చీలు జరిపే చప్పుడు మొదలవుతుంది.

వీసాల సంగతికి మాత్రం పుస్తకాన్ని నమ్మకండి. అవి ఎక్కువగా అమెరికన్ పాస్‌పోర్ట్ వాళ్లకోసం రాసినవి. 1886 నాటి అమెరికా చట్టం వల్ల, సియాటెల్‌లో బయల్దేరి మళ్లీ అక్కడికే వచ్చే విదేశీ జెండా (వేరే దేశంలో రిజిస్టరైన) ఓడలు మధ్యలో ఏదో ఒక విదేశీ రేవులో ఆగాల్సిందే. సాధారణంగా అది విక్టోరియా, అంటే కెనడా. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో విజిటర్ వీసా మీద అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు కెనడా వీసా కావాలి. "మేం దిగం, గదిలోనే ఉంటాం" అంటే కుదరదు, ఎక్కేచోటే ఆపేస్తారు. గ్రీన్‌కార్డ్ వాళ్లకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్, కార్డు ఉంటే చాలు. కాబట్టి ముందు వీసా, ఆ తర్వాతే డబ్బు వాపసు రాని టికెట్.

అలాస్కాలోని స్కాగ్వే ఊళ్లో, కొండల్లోకి వెళ్లే వైట్ పాస్ రైలు ఎక్కేటప్పుడు ఎడమ పక్క సీట్లు పట్టుకోండి, లోయ అటే కనిపిస్తుంది. ఫ్రేజర్, కార్‌క్రాస్ దాకా వెళ్లే టికెట్ అయితే అదీ కెనడాయే, పాస్‌పోర్ట్‌లు గదిలో లాకర్లో వదిలేసి రావద్దు. అలాస్కా రాజధాని జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం దగ్గర నగెట్ జలపాతం దాకా రానూపోనూ రెండు మైళ్లు. దారి దాదాపు చదునే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా మెల్లగా నడవగలరు.

టిప్పులు టికెట్ ధరలో ఉండవు. మనిషికి రోజుకు 17 డాలర్లనుకున్నా నలుగురికి 7 రోజులకు 476 డాలర్లు. పిల్లలకూ వేస్తారు.

రైస్ కుక్కర్, కెటిల్ పెట్టెలో పెడితే సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు. సీలు తీయని పొడులు, పచ్చళ్లకు సాధారణంగా అడ్డుండదు. ఓడ దిగేటప్పుడు మాత్రం వెంట తీసుకెళ్లకండి. ఇండియన్ వెజిటేరియన్ కావాలని బుకింగ్‌లోనే రాయించి, మొదటి రాత్రి డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌కి మళ్లీ చెప్పాలి. రేపటి భోజనం ఇవాళే చెబితే పప్పూ, కూరా విడిగా చేసి పెడతారు. అప్పటికప్పుడు అడిగితే మాత్రం పాస్తానే.